డోర్సీలా పేరుతో వచ్చిన పెట్టె

నేను చనిపోయానన్న కబురు మోసుకొచ్చింది మా పంచాయతీ గుమాస్తా మెల్కీ. వాకిట్లో కూర్చుని మొక్కజొన్న కంకులు ఒలుస్తున్నాను. బైకు దిగినవాడు దాని పక్కనే నిలబడిపోయాడు. వక్కల బుట్ట ముందుకు జరిపాను. వక్క తీసుకోలేదు. మా ఫాతుమెతన్ ఊళ్ళో పెట్టిన వక్క ముట్టనివాడు మంచి మాటకు రాడు.

"డోర్సీ అక్కా, కుపాంగ్ విమానాశ్రయం నుంచి ఫోనొచ్చింది. మలేషియాలో మనూరి మనిషి ఒకరు పోయారంట. గురువారం విమానంలో దింపుతారు."

"అయ్యో, ఎవర్రా?"

"కాగితంలో పేరు... డోర్సీలా నబునోమె."

నవ్వొచ్చింది నాకు. "పొద్దున్నే సారా పట్టించావా? డోర్సీలాని నేనే కదరా."

వాడు నవ్వలేదు. "పుట్టిన తేదీ కూడా నీదే అక్కా."

చేతిలో కంకి అలాగే ఉండిపోయింది. మూడేళ్ళ కిందట బియ్యం పథకానికని వీడే వచ్చి నా గుర్తింపు కార్డు పట్టుకెళ్ళాడు. పది రోజుల తర్వాత తెచ్చిచ్చాడు.

"నా కార్డు మీద ఎవర్ని పంపావు?"

"బాపా సిమియోన్ చెయ్యమంటే చేశాను. ఒకరా ఇద్దరా, నాకెలా గుర్తుంటుందక్కా?"

సిమియోన్ మా ఊరి సర్పంచి; పెద్దమనిషని అందరూ బాపా అంటారు. నా కార్డు పట్టుకెళ్ళిన ఆ ఏడే, ఇక్కణ్ణుంచి పనివాళ్ళను పరాయి దేశానికి పంపడం నిషేధమని రేడియోలో చెప్పిన నెలలోనే మా ఊరినుంచి నలుగురు ఆడపిల్లలు వెళ్ళిపోయారు. ఒక్కరికీ పద్దెనిమిది నిండలేదు.

సాయంత్రానికి నలుగురు తల్లులూ మా ఇంటికే వచ్చారు. సర్పంచి ఇంటికి ఎవరూ వెళ్ళలేదు. కూతురు ఆఖరిసారి ఎప్పుడు ఫోన్ చేసిందో ఒక్కొక్కరే చెప్పారు. "ఈస్టర్‌కి మాట్లాడింది, గొంతు బాగానే ఉంది, మాది అయ్యుండదులే" అంది ఒకామె. ఇంకొకామె అవే మాటలు నెల మార్చి చెప్పింది. తెఫా వాళ్ళ కోడలు యాకోబా మాత్రం చాలాసేపు నా మొహంలోకే చూసింది.

"నీకెన్నేళ్ళు డోర్సీ?"

"ఇరవై తొమ్మిది."

"మా నోఫ్రీ వెళ్ళేనాటికి పదిహేను. దాన్ని చూసి, నీ వయసుందంటే ఎలా నమ్మారే వాళ్ళు?"



మర్నాడు సిమియోన్ కబురంపాడు. వరండాలో కుర్చీ వేయించాడు, చక్కెర దండిగా వేసిన కాఫీ ఇప్పించాడు.

"నువ్వు పోయినామె చెల్లెలివని ఒక్క సంతకం పెట్టు, చాలు. శవపెట్టె మన చేతికొస్తుంది, ప్రార్థన చేసి పూడ్చేస్తాం."

"చనిపోయింది డోర్సీలా అయితే, నేనెవర్ని బాపా?"

"ఇంకో పేరు రాయిస్తాను. డోర్థియా ఎలా ఉంటుంది? నీ మొహానికి అదే బాగుంటుంది." గట్టిగా నవ్వాడు. తర్వాత గొంతు తగ్గించాడు. "నీ మొగుడు మలేషియాలో, సాబాలో పామాయిల్ తోటలో ఉన్నాడు కదూ? వాడి కాగితాలూ నేను చేయించినవే. అక్కడ పోలీసులు కాగితాలు తిరగేసి చూస్తే ఏమవుతుందో ఆలోచించుకో."

కాఫీ తాగకుండానే లేచి వచ్చేశాను.

గురువారం పికప్ వ్యానులో మెల్కీ, నేను, నలుగురు తల్లులు కుపాంగ్ వెళ్ళాం. యాకోబా ఒళ్ళో మడత విప్పని కొత్త నేత దుప్పటి ఉంది.

విమానాశ్రయంలో సరుకు దించే గేటు దగ్గర, చేపల ఐసు డబ్బాల పక్కన ఆ పెట్టెను పెట్టారు. కొందరు నన్‌లు కొవ్వొత్తులు పట్టుకుని పాడుతున్నారు. యూనిఫాం వేసుకున్న అధికారి ఒకాయన చిన్న ప్రసంగం చేశాడు. చనిపోయినామె దేశానికి విదేశీ డబ్బు తెచ్చిపెట్టిన వీరవనిత అన్నాడు. ఆ తర్వాత అట్ట మీది కాగితం చూసి, "డోర్సీలా నబునోమె బంధువులెవరు?" అని పిలిచాడు.

మెల్కీ నన్ను మోచేత్తో పొడిచాడు.

"డోర్సీలా నబునోమెని నేనే" అన్నాను. నా కార్డు తీసి పెట్టె మీద పెట్టాను.

ఆయన కార్డు చూశాడు, నన్ను చూశాడు. "ఇక్కడ తమాషాలేంటమ్మా? కాగితాలన్నీ సరిగ్గా ఉన్నాయి."

"కాగితాలు సరిగ్గానే ఉన్నాయయ్యా. మనిషే వేరు."

సంతకం పెట్టకపోతే పెట్టె ఆసుపత్రి శవాల గదికి పోతుందన్నాడు. మూత తీయడానికి వీల్లేదన్నాడు. ముసలి నన్ ఒకావిడ ఆయన ముందుకొచ్చి నిలబడింది. "చూడకుండా ఏ తల్లి ఒప్పుకుంటుంది నాయనా?" అంటూనే, సరుకులు దించేవాళ్ళ దగ్గర గడ్డపార అడిగి తీసుకుంది. ఆయన మొహం పక్కకు తిప్పుకున్నాడు.

మూత లేచింది. మెడ కిందనుంచి పొట్టదాకా గోనెసంచికి వేసినట్టు కుట్లు. కాగితంలో ఊపిరితిత్తుల జబ్బు అని రాసి ఉంది. మొహం ఉబ్బిపోయి ఎవరిదో తెలియడం లేదు. ముగ్గురు తల్లులు వెనక్కి తగ్గారు. యాకోబా మొహం వైపు వెళ్ళనే లేదు. అటు చివరికి వెళ్ళి, ప్లాస్టిక్ తొలగించి పాదాలు బయటికి తీసింది. బొటనవేలికంటే పక్కవేలు పొడుగు. చాలాసేపు ఆ వేళ్ళను పట్టుకుని కూర్చుంది.

"అచ్చం నా కాళ్ళే" అంది.

అప్పుడు మిగతా ముగ్గురూ ఒక్కసారిగా ఏడ్చారు. ఆ ఏడుపులో ఇంకేం కలిసి ఉందో నాకు తెలుసు, వాళ్ళకీ తెలుసు.

యాకోబా తల్లినని సంతకం పెడితే పెట్టె ఇచ్చారు; కాగితంలో నా పేరు మాత్రం అలాగే ఉంచారు. నోఫ్రీని వాళ్ళ ఇంటి పక్కనే పూడ్చారు. శిలువ మీద ఏ పేరు రాయాలో పాస్టరుగారు తేల్చలేక నసుగుతుంటే యాకోబా రంగు డబ్బా లాక్కుని వంకర అక్షరాలతో తనే రాసింది: నోఫ్రియానా తెఫా.

సోఎ పట్నం పోలీసు స్టేషన్లో ఇద్దరం వాంగ్మూలం ఇచ్చాం. మెల్కీని పదకొండు రోజులు ఉంచుకుని పంపేశారు. సిమియోన్‌ని పిలవను కూడా లేదు. సర్పంచి ఎన్నికల్లో మళ్ళీ గెలిచాడు. నా పేరు ఓటర్ల జాబితాలో లేదు. ఆగస్టు నుంచి మా ఆయన ఫోను మోగడం లేదు. తోటలో ఎవర్ని అడగాలో నాకు తెలియదు.

మా పిల్లాడికి జ్వరమొచ్చి తీసుకెళ్తే ఆరోగ్య కేంద్రంలో నా కార్డు చెల్లదన్నారు. దాంతో యాకోబాను వెంటబెట్టుకుని సోఎలో జనన మరణాలు నమోదు చేసే ఆఫీసుకి వెళ్ళాను. కంప్యూటరు ముందు కూర్చున్న అమ్మాయి మర్యాదస్తురాలే.

"మీరు మరణించినట్టు నమోదైందక్కా. బతికున్నట్టు మీ సర్పంచిగారి దగ్గర లేఖ తీసుకురండి."

"మరి చనిపోయిన పిల్ల పేరు రాసుకుంటారా?" అని యాకోబా అడిగింది. పేరు చెప్పింది.

ఆ అమ్మాయి వెతికింది. "నోఫ్రియానా తెఫా బతికే ఉందమ్మా. పోయిన నెల పదహారున కొత్త కార్డు కూడా తీసుకుంది. పని కోసం విదేశం వెళ్తున్నట్టు రాసి ఉంది."

కార్డు మీద ఫొటో చూపించమన్నాం. అది బయటివాళ్ళకి చూపించకూడదంది.

బస్సులో యాకోబా వేళ్ళ మీద ఊళ్ళో ఆడపిల్లల పేర్లు లెక్కపెడుతూనే ఉంది. దిగగానే ఇంటికి వెళ్ళలేదు. ఎవరి పిల్ల ఇంట్లో లేదో చూడ్డానికి ఎగువ వీధి చివర నుంచి మొదలుపెట్టాం. మొదటి రెండిళ్ళలో పిల్లలు కళ్ళెదుటే కనబడ్డారు. మూడో ఇంట్లో తలుపు వేసి ఉంది. పొయ్యి పొగ మాత్రం వస్తోంది.

"యుస్మీనా ఏదే?" అని కేకేశాను.

"సోఎలో చదువుకుంటోంది" అని లోపలినుంచి వాళ్ళమ్మ గొంతు.

"ఏ బళ్ళో?"



"పోయిన నెల వెళ్ళాక ఒక్కసారైనా ఫోన్ చేసిందా?" అంది యాకోబా, తలుపుకు దగ్గరగా వంగి. ఆ గొంతులో కోపం లేదు. "తలుపు తియ్యి అమ్మా. నేను తిట్టడానికి రాలేదు."

లోపల ఏదో గిన్నె కిందపెట్టిన చప్పుడైంది. కాసేపటికి గడియ కదిలింది.