గూరో పెట్టిన కేక

వోస్ లోయలో బీరు ఎవరిదో తెలుసుకోవడానికి దాన్ని రుచి చూడనక్కరలేదు. తొట్టిలో ఈస్టు పోసే క్షణాన ఇంటి యజమాని గొంతెత్తి కేక పెడతాడు. కేక లేకుండా పోస్తే ఈస్టు బద్ధకిస్తుందని నమ్మకం. ఆ కేక సరస్సు దాటి అవతలి ఒడ్డుకు చేరుతుంది. అక్కడ పశువులకు మేత వేస్తున్నవాళ్ళు తలెత్తి, బ్రిన్యుల్వ్ బీరు కాస్తున్నాడు అనుకుంటారు. అంతటితో ఆ బీరు బ్రిన్యుల్వ్‌ది అయిపోతుంది.

నిజానికి ఆ బీరు అతని అక్క గూరోది. బార్లీని మొలకెత్తించి ఆరబెట్టేది ఆమె. జునిపర్ కొమ్మలు మరిగించిన నీళ్ళలో దాన్ని నానబెట్టి తీపి రసం దింపేది ఆమె. గడ్డితో అల్లిన కుదురు మీద ఎండి ఉన్న ఈస్టును గిల్లి, గిన్నెలో మేల్కొలిపేది ఆమె. రసం అప్పుడే పితికిన పాలంత వెచ్చగా ఉండాలి. అంతకు మించినా, తగ్గినా ఆమె ఒప్పుకోదు. మోచేయి ముంచి చూసి ఆమె తల ఊపితే, తమ్ముడు వచ్చి గిన్నె అందుకుని, తొట్టిలో పోసి, కేక పెట్టి వెళ్ళిపోయేవాడు. ఇంటికి పెద్దబిడ్డ గూరోయే. అయినా పొలం, ఇల్లు, బీరుకొట్టం, దాని గోడకు వేలాడే ఈస్టు కుదురు, అన్నీ కొడుకుకే చెందాయి. చట్టం అలా ఉంది. ఆ చట్టం రాసినవాళ్ళలో తొట్టిలో మోచేయి ముంచినవారెవరూ లేరు.

గూరో భరించింది. భరించడమంటే ఒప్పుకోవడం కాదన్న సంగతి తమ్ముడికి తట్టలేదు. అతని భార్య పోయాక పసిబిడ్డ సిన్నెవాను పెంచింది కూడా ఆమే. సిన్నెవా ఎదిగాక, ఒక శరత్కాలపు విందులో అందరూ బీరును మెచ్చుకుంటుంటే, అది అత్త చేసిందని ఆ పిల్ల అందరి ముందూ చెప్పింది.

బ్రిన్యుల్వ్ నవ్వి, "మీ అత్త గిన్నెలు బాగా కడుగుతుందిలే," అన్నాడు.

బల్ల చుట్టూ నవ్వులు లేచాయి. మర్నాడు గూరో తన పెట్టె సర్దుకుని సరస్సు ఒడ్డునున్న చిన్న ఇంటికి దిగిపోయింది. కుదురును ముట్టుకోలేదు. ఈస్టు పొలానిది. తనకు అన్యాయం జరిగిందని తానొక అన్యాయం చేసే మనిషి కాదు.

ఆమె లేని ఇంట్లో బ్రిన్యుల్వ్ ఆ కుదురును తడి నేలమాళిగలో వేలాడదీశాడు. దానికి బూజు పట్టింది. క్రిస్మస్‌కు అంగడి నుంచి రొట్టెల ఈస్టు తెచ్చి, అలవాటు కొద్దీ పాలంత వెచ్చని రసంలోనే కలిపి, నిండుగా కేక పెట్టాడు. ఆ ఈస్టు చల్లని రసంలో నిదానంగా పని చేసేది. ఆ వేడికి వెర్రెత్తిపోయింది. వచ్చినవాళ్ళు మర్యాదకు ఒక్కొక్క గుక్క తాగి, వేయించిన గొర్రెమాంసాన్ని ఎంతో మెచ్చుకుని, తొందరగా ఇళ్ళకు వెళ్ళిపోయారు.

వేసవి మొదట్లో సిన్నెవా పెళ్ళి నిశ్చయమైంది. పెళ్ళికి ఇంకా కొద్ది రోజులుందనగా ఆ పిల్ల కొండ దిగి అత్త ఇంటికి వచ్చింది.

"క్రిస్మస్ బీరు లాంటిది పోశామంటే పెళ్ళికొడుకు వాళ్ళు చర్చి మెట్ల మీంచే వెనక్కి పోతారత్తా."

"మీ నాన్న పంపాడా?"

"నాన్న పంపేవాడే అయితే ఎప్పుడో పంపేవాడు. నేనే వచ్చా. నా పెళ్ళిలో నీ బీరే పొయ్యాలి. లేదంటే నీళ్ళు పోస్తా."

గూరో ఆ పిల్ల జడలో ఇరుక్కున్న గడ్డిపరక తీసి పారేసింది. చచ్చిపోయిన ఈస్టును బతికించడం తన వల్ల కాదని చెప్పబోయి, సరస్సు అవతలి రాగ్నా గుర్తుకొచ్చి ఆగింది.

రాగ్నా కౌలుదారు భార్య. కొత్తగా కాపురానికి వచ్చినప్పుడు, భర్త జైలుకు వెళ్ళొచ్చినవాడని, ఏ ఇంటివాళ్ళూ ఆమెకు ఈస్టు ఇవ్వలేదు. గూరో ఇచ్చింది. ఇచ్చిన ఈస్టును, ఇచ్చినవాళ్ళు అడిగినప్పుడు తిరిగి ఇవ్వాలన్నది అక్కడి నియమం. మర్నాడు గూరో పడవ వేసుకుని వెళ్ళింది. రాగ్నా మారు మాట లేకుండా తన కుదురు దింపి, పెచ్చులు గిల్లి, గుడ్డలో మూటకట్టింది.

"ఇది నీ చేతికిస్తున్నా గూరో, మీ తమ్ముడి చేతికి కాదు. ఈస్టు కోసం గడప గడపా తిరిగిన ఆ రోజు, నన్ను చూసి కుక్కను కట్టేసింది నువ్వొక్కదానివే."

బీరుకొట్టంలో సిన్నెవా అప్పటికే రసం సిద్ధం చేసి ఉంచింది. అక్కను చూసి బ్రిన్యుల్వ్ లోపలికి వచ్చాడు. ఎగువ పొలం వాళ్ళను బతిమాలి తెచ్చుకున్న ఈస్టును బల్ల మీద పెట్టాడు. గూరో మూడు గిన్నెల్లో కాస్త కాస్త రసం పోసింది. ఒకదానిలో పాత కుదురుకు మిగిలిన పెచ్చులు వేసింది, రెండోదానిలో ఎగువ పొలం వాళ్ళది, మూడోదానిలో రాగ్నా ఇచ్చింది. మూడింటికీ గుడ్డలు కప్పి, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

సాయంత్రానికి మొదటి గిన్నె విరిగిన పాల వాసన కొట్టింది. ఎగువ పొలం ఈస్టు చురుగ్గా పొంగింది గానీ, నురగ పలచగా, వాసన తడి గోనెసంచిలా ఉంది. బ్రిన్యుల్వ్‌కు అదే నచ్చింది. పొంగింది కదా, ఇంకేం కావాలన్నాడు. ఆమె మూడో గిన్నె మీద గుడ్డ సర్దింది. మూడోది ఆలస్యంగా లేచింది. నురగ చిక్కగా, మీగడలా, గిన్నె అంచు దాకా వచ్చింది. ఆమె వంగి వాసన చూసింది. ఎండిన నారింజ తొక్క వాసన. అమ్మ చేతుల వాసన. గూరో కళ్ళు తుడుచుకోలేదు. మోచేయి తొట్టిలో ముంచి, రసం వెచ్చదనం చూసింది.

గిన్నె అందుకోవడానికి తమ్ముడు చేయి చాపాడు. ఆమె ఇవ్వలేదు.

"ఈసారి కేక నేను పెడతా."

"ఆడది కేక పెట్టడం ఈ లోయలో ఎప్పుడైనా విన్నావా? అవతలి ఒడ్డంతా నవ్వుతుందక్కా."

"క్రిస్మస్‌కు ఏడ్చారా మరి?" అంది గూరో. "వద్దంటే గిన్నె ఇక్కడ పెట్టి వెళ్ళిపోతా. పిల్ల పెళ్ళి చెడగొట్టను. కానీ నువ్వు పెట్టే కేక అబద్ధం. అది నీకూ తెలుసు."

రసం చల్లారుతోంది. ఈస్టు ఎవరి కోసమూ ఆగదు. బ్రిన్యుల్వ్ చాపిన చేయి వెనక్కి తీసుకుని గోడ దగ్గరికి జరిగాడు.

గూరో గిన్నె వంచింది. నురగ జారి రసంలో కలిసింది. ఆమె నోరు తెరిచింది. గొంతు రాలేదు. ఆ గదిలో ఒక జీవితకాలం మౌనంగా పనిచేసిన గొంతు అది. మళ్ళీ ప్రయత్నించింది. గాలి మాత్రమే వచ్చింది.

అప్పుడు గోడ దగ్గర నుంచి తమ్ముడి మాట నెమ్మదిగా వినిపించింది. "అక్కా, నా చిన్నప్పుడు కొండ మీద పొగమంచులో తప్పిపోయాను చూడు. నువ్వు ఆవుల్ని పిలుస్తుంటే ఆ గొంతు పట్టుకుని వచ్చేశా. అలా పిలు."

ఆమె అతనివైపు ఒకసారి చూసి, కళ్ళు మూసుకుని పిలిచింది. సన్నగా మొదలై, మెట్లు మెట్లుగా ఎత్తుకు ఎక్కి, కొండ తాకి తిరిగొచ్చే పిలుపు. అది బ్రిన్యుల్వ్ కేకల కన్నా దూరం వెళ్ళింది. అవతలి ఒడ్డున రాగ్నా పాలబిందె కింద పెట్టి, గూరో బీరు కాస్తోందని భర్తతో అంది. ఇవతల, వేసవి మేతకు ఇంకా కొండెక్కని ఆవులన్నీ వాలు దిగి వచ్చి, బీరుకొట్టం గుమ్మంలో తలలు పెట్టాయి.

"మీకు కాదే, పోండి," అంటూ సిన్నెవా నవ్వుతూనే వాటిని తోలింది, నవ్వుతూనే ఏడ్చింది.

బ్రిన్యుల్వ్ తన గొర్రెతోలు కోటు విప్పి, వేడి పోకుండా తొట్టి చుట్టూ కప్పి, చంటిబిడ్డకు పక్క సర్దినట్టు అంచులు సర్దాడు. ఆ తర్వాత ఎవరూ చెప్పకుండానే మూడు గిన్నెలూ తీసుకుని వాగు దగ్గరికి వెళ్ళాడు. మర్నాటికి నురగ ఆ కోటును పైకి ఎత్తింది. నురగ అణిగి, తీపిలోంచి చేదు తేలే వేళకు, గూరో కొత్త కుదుళ్ళు రెండు అడుగు మడ్డిలో ముంచి ఆరవేసింది. ఒకటి ఆ గోడకు. ఒకటి ఒడ్డున ఉన్న చిన్న ఇంటికి; అది దించుకెళ్ళి మేకుకు తగిలించింది బ్రిన్యుల్వే.

పెళ్ళిలో వియ్యంకుడు చెక్కపాత్ర ఖాళీ చేసి, మీసం తుడుచుకుని, ఇంత మంచి బీరు కాయడం ఎక్కడ నేర్చుకున్నావని బ్రిన్యుల్వ్‌ను అడిగాడు. బల్ల చుట్టూ ఉన్నవాళ్ళంతా చెవులు నిక్కించారు.

"ఇది మా అక్క బీరు బావగారూ," అన్నాడు బ్రిన్యుల్వ్. "నేను గిన్నెలు కడిగా."

గూరో తన పాత్రను వెలుతురుకు ఎత్తి, అంచు పరీక్షగా చూసింది.

"అదీ అంతంతమాత్రమే," అంది.