అలిగిన గొంతు

హెడ్‌సెట్ స్పంజి ఊడిన చోట రుమాలు ముక్క చుట్టుకుని, స్తుతి ఇంకో ఫిర్యాదును 'ఇతరములు' అనే గడిలోకి తోసింది. ఖమ్మంలో ఒక ట్రస్టు తిప్పే మందుల బండికి యాప్ ఉంది. ఈమధ్య దాన్ని మార్చారు. మార్చాక జనం ఏమంటున్నారో వినడం ఆమె పని. వినడం వరకే.

నలభై దాటిన మనిషి. ఫోను ఇరికించుకుని ఇరికించుకుని మెడ ఒక పక్కకు వాలిపోయింది. పెళ్లి నిలవలేదు. చర్చి పాటల్లో ఆమెది చివరి వరుస. ఆమెదంటూ నలుగురికీ చేరింది పాత యాప్‌లో రికార్డు చేసిన గొంతు ఒక్కటే. బండి వెళ్లే ముందురోజు ఏన్కూరు అవతలి తండాలకు ఫోన్ పోయేది: "రేపు మందుల బండి వస్తది. రోడ్డు కాడికి రండ్రి." కొత్త యాప్ ఆ మాట తీసేసి మెసేజ్ పెట్టింది. నచ్చిందా లేదా అని కూడా మెసేజ్‌లోనే అడిగింది. చదువు రానివాళ్లు తమకు చదువు రాదని రాసి పంపాలట! ఏం తెలివి!

పోయిన వారం హేమ్లి అనే ముసలామె ఎవరిచేతనో నంబరు నొక్కించుకుని ఫోన్ చేసింది. బీపీ గోలీలు వాడే మనిషి. ముందురోజు వచ్చే ఆ పిలుపు రికార్డు చేసిన మాటని ఆమెకు తెలియదు.

"పిలుస్తలేవేంది బిడ్డా? నామీద అలిగినవా?"

"అలగలేదవ్వా. ఇప్పుడు మెసేజ్ వస్తది. బండి కాడికి పోవాలె, గోలీలు ఆపొద్దు."

"అలిగినోళ్లు గట్లనే అంటరు. పిలవని కాడికి నేను పోను."

"సరే, బండొచ్చే రోజు నేనే పిలుస్త."

ఆ రోజు ఇవాళే. పొద్దుటి నుంచి అవ్వకు ఫోన్ చేస్తోంది. మోగుతోంది, ఎవరూ ఎత్తడం లేదు. స్తుతి లేచి మేనేజరు ఉదయ్ భాస్కర్ గదిలోకి వెళ్లింది.

"సార్, గొంతు మళ్లీ పెట్టించండి. ముసలోళ్లు బండికి వస్తలేరు."

"జవాబిచ్చినవాళ్లంతా బాగుందనే అన్నారు కదమ్మా."

"ఇయ్యనోళ్ల సంగతి?"

"ఇయ్యలేదంటే ఇబ్బంది లేనట్టే."

స్తుతికి ఒళ్లు మండిపోయింది. నోరు మాత్రం "సరే సార్" అంది. దానికి వేరే మాట అలవాటు లేదు.

తిరిగొచ్చేసరికి తెర మీద హేమ్లి పేరు పచ్చగా మారి ఉంది. ఫోన్ ఎత్తకపోతే యాప్ ఆ ఫిర్యాదును తానే మూసేస్తుంది. 'పరిష్కారమైంది' అని పక్కనే రాసి ఉంది.

సాయంత్రం బండి డ్రైవరు గోపాలు వచ్చాడు. కూర్చోలేదు.

"హేమ్లవ్వ మొన్న పోయిందక్కా. చెయ్యి, నోరు పడిపోయినయంట. దవాఖానకు తీస్కపోయే లోపల్నే..."

స్తుతి హెడ్‌సెట్ తీసి కింద పెట్టింది.  

"కోడలు ఇది ఇచ్చింది," అన్నాడు గోపాలు. "నువ్వు అలిగినవంట కదా. బండొస్తే నీకు పంపాలని అవ్వ చేసి పెట్టిందంట."

మోదుగాకు పొట్లం. లోపల ఉప్పు వేసి పిసికిన చింతపండు ముద్ద, గింజ ఒక్కటి కూడా లేదు. దాని మీద ముసలి వేళ్ల గుర్తులు ఇంకా లోతుగానే ఉన్నాయి.