సప్తమి నాటి తడి

మా ఆయన చలమయ్యను సముద్రపు ఒడ్డున పాతిపెట్టిన రోజు శుద్ధ సప్తమి. మాలో దహనం లేదు; ఆడవాళ్ళు శ్మశానానికి వెళ్ళే ఆచారమూ లేదు. అందుకే మూడో నాడు పాలు పోయడానికి వెళ్ళేదాకా గొయ్యి ఎక్కడ తవ్వారో నాకు తెలియలేదు.

ఉక్కునగరం దాటాక సరుగుడు తోటకు కిందగా ఉన్న ఇసుక అది. సమాధి తడి ఇసుకకు ఇరవై అడుగుల పైన ఉంది. దానికంటే పైన, తోట అంచు దగ్గర, ఎండిన నాచు, గవ్వలు, ప్లాస్టిక్ సీసాలు పొడుగ్గా గీత గీసినట్టు పడి ఉన్నాయి. అంతవరకూ నీళ్ళు వచ్చి వెళ్ళాయి. ఆయన ఆ గీతకు కింద ఉన్నాడు.

నేను బడికి పోలేదు. ద్వారకా నగర్‌లో కోచింగ్ పిల్లలు అమ్మేసిన పాత పుస్తకాలు కొని, కూడబలుక్కుని చదువుకున్నాను. అమావాస్యకీ పున్నానికీ సూర్యుడు, చంద్రుడు, భూమి ఒకే వరసలోకి వస్తాయి. సూర్యచంద్రుల లాగుడు కలిసి సముద్రపు పోటు పెద్దదవుతుంది. సప్తమి, అష్టముల్లో ఒకటి నిలువుగా, ఒకటి అడ్డంగా లాగుతాయి, పోటు చిన్నది. మా వాళ్ళు చోడవరం వైపు పొలాల మనుషులు. సప్తమి నాటి తడి చూసి సముద్రానికి అదే హద్దనుకున్నారు.

ఆయన మొదటి భార్య కొడుకు దేవీప్రసాద్. మేముండేది పరవాడలో అతనింట్లోనే. పున్నం లోపల సమాధిని పైకి మార్చమని పాలు పోసిన చోటే అతనికి చెప్పాను. పదకొండో నాటి దాకా ఏదీ కదపకూడదని, ఆ తర్వాత సిమెంటు దిమ్మె కట్టిస్తానని అన్నాడు. ఇంటికొచ్చి దీపం సూర్యుడనుకుని, దాని ముందు భూమికి నిమ్మకాయ, చంద్రుడికి శనగ గింజ పెట్టి చూపించబోయాను. కోడలు నీలిమ ఫోన్‌లో ఎవరితోనో, అత్త సావింట్లో కూడా పాఠాలు సెప్తంది అంది. అతను దీపం ఆర్పేశాడు.

"పిన్నీ, మా నాన్న బతికున్నన్నాళ్ళూ నువ్ సెప్పినట్టే ఇన్నాడు. ఇప్పుడైనా ఒగ్గియ్."

మర్నాటి నుంచి రోజూ ఆటోలో వెళ్ళి తడి అంచున పుల్ల గుచ్చాను. మైల మనిషి రోడ్డెక్కిందని వీధిలో అనుకున్నారు. ఏకాదశికి పుల్ల కొంచెమే జరిగింది. త్రయోదశికి సమాధికి ఎనిమిది అడుగులే మిగిలాయి.

ఆయన ముప్పై ఏళ్ళు ప్లాంటులో షిఫ్టులు చేశాడు. నైట్ డ్యూటీకి లేచి, నన్ను లేపకుండా తలుపు దగ్గరగా వేసి వెళ్ళేవాడు. పోవడమూ అలాగే పోయాడు. మా అమ్మ, ఇద్దరు అక్కలు, అందరూ నేను చూడని వేళలోనే వెళ్ళారు. నీళ్ళు ఆయన్ని తీసుకుపోతాయని మాత్రం ముందే తెలిసింది. తెలిసి కూర్చోలేకపోయాను.

చతుర్దశి పొద్దున్న, గొయ్యి తవ్విన జగ్గారావు గుడిసెకు వెళ్ళాను. చేపల మనిషి, అతనికి పోటు సంగతి తెలియదా అని అడిగాను.

"తెల్దేటమ్మా? సప్తమి పోటు సచ్చిన పోటు. సెప్పబోతే మీ అబ్బాయి, సూపిన సోట తవ్వు, నీకెందుకన్నాడు. తవ్వీసాను."

మళ్ళీ తవ్వమన్నాను. కొడుకు లేకుండా ఎలాగని నసిగాడు.

"నానడుగుతన్నాను. పెళ్ళాన్ని."

నీళ్ళు వెనక్కి తగ్గాక అతనూ తమ్ముడూ తవ్వారు. అడుగున అప్పటికే నీరు ఊరుతోంది. గుడ్డ తడిసి బరువెక్కింది. వాసనకు వాళ్ళు ముక్కుకు తువ్వాళ్ళు కట్టుకున్నారు. నేను మొహం తిప్పుకోలేదు. తోటలో, మూడో వరస చెట్ల వెనక దించాం.

పున్నం నాడు పొద్దున్న తొమ్మిదింటికి, కబురు తెలిసి ప్రసాద్ నలుగురితో వచ్చాడు. కొత్త సమాధి వైపు చూడలేదు. తిన్నగా, పూడ్చకుండా వదిలేసిన పాత గొయ్యి దగ్గరకు వెళ్ళాడు. ఒక అల దగ్గరదాకా వచ్చి ఆగింది. తర్వాతది అంచును కోసింది. అరగంటలో గొయ్యి నిండి, గోడలు లోపలికి కూలాయి.

ఇప్పుడైనా ఏదో ఒకటి అంటాడనుకున్నాను. అన్నాడు.

"మా నాన్నని కాళ్ళట్టుకుని బయటికి లాగీసావు. ఇంక మా గుమ్మం తొక్కకు పిన్నీ."

"నీళ్ళు సూసావు కదా."

"సూసాన్లే. అయితే ఏటి?"

బళ్ళెక్కి వెళ్ళిపోయారు. సాయంత్రానికి నా రెండు చీరలు, పుస్తకాల మూట జగ్గారావు గుడిసె ముందు దిగాయి.

పదకొండో నాడు పరవాడలో పందిరి వేసి అందరికీ భోజనాలు పెట్టారట. నేను తోటలో ఆకు వేసి, జగ్గారావు భార్య వండిన చేపల పులుసు ఆయనకు వడ్డించాను. నాకూ ఆ ఆకులోనే పెట్టుకున్నాను.