తమ్ముడు తిప్పిన సూర్యుడు

ఇల్లు కట్టకముందే అది ఎలా ఉంటుందో కంప్యూటర్‌లో బొమ్మ తీసి చూపించడం ఆ అక్కాతమ్ముళ్ల పని. అక్క గోడలు, కిటికీలు, మెట్లు కొలతల ప్రకారం నిలబెడుతుంది. తమ్ముడు వాటికి రంగులద్ది, వెలుతురు పెట్టి, ఫొటోలాంటి బొమ్మ తీస్తాడు. ఉన్నది ఒక్క గది, రెండు బల్లలు, వాటితోపాటు తమ్ముడి సాఫ్ట్‌వేర్ మోజు.

ఆ మోజే అక్క ప్రాణం తోడేస్తోంది. ఒకదానికి చెయ్యి అలవాటు పడేలోగా వాడు ఇంకోదాని మీద మనసు పడతాడు. ఆమె కట్టిన మోడల్‌ని మళ్లీ ఆ కొత్తదానిలోకి పంపాలి. పంపినప్పుడల్లా దారిలో ఏదో రాలిపోతుంది. ఓసారి తలుపుల రంగు, ఓసారి ఏకంగా మెట్లు. కిటికీ జానెడు జరపమని ఇంటివాళ్లు అడిగారంటే కథ మళ్లీ మొదటికి.

"ఒకదాంట్లోనే గీసి, అందులోనే బొమ్మ కూడా తీద్దాంరా" అని ఎన్నోసారో బతిమాలింది.

"అది నత్త అక్కా. ఒక్క బొమ్మ తేలేసరికి మన జుట్టు నెరుస్తుంది. ఇది చూడు, ఇలా అంటే అలా వచ్చేస్తుంది."

"వచ్చేది సరే. వచ్చినదాంట్లో నా మెట్లేవి?"

"మెట్లదేముంది, పెడతాలే."

అంతలో ఫోన్ మోగింది. ఇల్లు కట్టించుకుంటున్న లెక్చరరమ్మ. "బొమ్మ అమ్మకి చూపించానండీ. పొద్దుటెండ మంచం మీద పడుతోంది కదా, ఇక నాకీ గదే అంది. ఎప్పుడూ చలి చలి అంటుంది పాపం. రేపే పునాదులు తవ్విస్తున్నాం."

అక్క మురిసిపోయింది. ఫోన్ పెట్టేసి, ఆ బొమ్మ వైపు ఇంకోసారి చూసుకుంది. ఎక్కడో ముల్లు గుచ్చుకుంది. తన మోడల్ తెరిచింది. ఆ గది కిటికీ పడమటి వైపు ఉంది.

"ఒరేయ్, పొద్దుటెండ పడమటి కిటికీలోంచి ఎలా వచ్చిందిరా?"

తమ్ముడు ఒక చెవిలోంచి ఇయర్‌ఫోన్ లాగాడు. "నీ ఫైలుతో ఉత్తరం దిక్కు రాలేదు. సూర్యుడు ఎటో ఉన్నాడు. మంచం మీద పడేదాకా తిప్పాను."

"తిప్పావా? సూర్యుణ్ణా?"

"తెర మీద స్లైడర్ జరపడమే కదా. అందరూ తిప్పుతారు."

"ఆ భగవంతుడు సూర్యుడికి ఒకటే దారి పెట్టి ఊరుకున్నాడు. నువ్వు బొమ్మకో దారి పెడుతున్నావు!"

"చెప్పకక్కా. ఇల్లు పూర్తయ్యేసరికి ఎవరికి గుర్తుంటుంది?"

"చలికి వణికే ఆ పెద్దావిడకి."

చెబితే చేతిలో ఉన్న పని పోవచ్చు. మొన్న ఈ బొమ్మ చూసి "అబ్బ" అన్నది తను కాదూ? అప్పుడు దిక్కు ఎందుకు అడగలేదు? దేవుడికి మనసులోనే దణ్ణం పెట్టుకుని లెక్చరరమ్మకి ఫోన్ చేసి, ఆ కిటికీ పడమటి వైపుందని చెప్పింది.

"పొద్దుటెండ రాదా? మరి బొమ్మలో ఎందుకు పెట్టారండీ?"

"తప్పయిపోయిందండీ" అంది అక్క.

"అమ్మకి నేనేం చెప్పాలిప్పుడు? ఎండ నిజంగా ఏ గదిలోకి వస్తుందో సాయంత్రంలోగా చూపించండి. ఆ తర్వాత మిమ్మల్ని ఉంచాలో వద్దో చూస్తాను." ఫోన్ ఠక్కున ఆగిపోయింది.

అక్క తను గీసే ఆ 'నత్త' సాఫ్ట్‌వేర్‌నే తెరిచింది. ముందు ఉత్తరం పెట్టింది, తర్వాత ఊరు, ఉదయం వేళ. ఇక సూర్యుడి జోలికి పోలేదు. కంప్యూటర్ ఫ్యాన్ రొద పెట్టింది. ఇసుక చల్లినట్టు చుక్క చుక్కగా బొమ్మ తేలుతోంది.

"ఇంకా వరండా దాకేనా వచ్చింది?" తమ్ముడు కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాడు.

"నీ నోరు కాసేపు ఆపరా."

చివరికి తేలింది. పెద్దావిడ గది నూతిలా చీకటి. ఎండంతా సామాన్ల గదిలో ధారాళంగా పరుచుకుని ఉంది. అక్క మంచాన్ని అక్కడికి జరిపింది. తలుపు మంచానికి తగిలింది.

"తలుపు మారిస్తే మళ్లీ పంపాలి, మళ్లీ రంగులు..." అని అలవాటుగా గొణిగాడు తమ్ముడు.

"ఎక్కడికి పంపాలిరా? గీసిందీ, బొమ్మ తీసిందీ ఇందులోనేగా." తలుపు బయటికి తెరుచుకునేలా మార్చింది. రంగు రాలలేదు, మెట్లు పోలేదు. తమ్ముడు చూశాడు కానీ పైకి ఒప్పుకుంటే వాడు తమ్ముడెందుకవుతాడు?

చీకటి గదిదీ, ఎండ పడే గదిదీ, రెండు బొమ్మలూ పంపింది. చాలాసేపటికి లెక్చరరమ్మ ఫోన్ చేసింది. గొంతులో కోపం ఇంకా చల్లారలేదు.

"రేపటి తవ్వకం ఆపించాను. సామాన్ల గదే అమ్మకిచ్చి, ఇల్లంతా మళ్లీ గీసి పంపండి. ఈసారి సూర్యుణ్ణి మాత్రం ముట్టుకోకండి."

ఫ్యాన్ మళ్లీ రొద మొదలుపెట్టింది. తెర మీద మొదటి చుక్క పడగానే తమ్ముడు నిట్టూర్చాడు. అయినా కుర్చీ లాక్కొచ్చి అక్క పక్కనే కూలబడ్డాడు.