ఏ కొస పైది

ల్యాబులో కోల్డ్ రూమ్ చూసుకునే పెద్దాయన శుభ్రంగా కడిగేశాడు. చెరువు అడుగున దించి మట్టితో సహా పైకి లాగిన నిలువెత్తు గొట్టాన్ని బయటంతా తళతళలాడేలా తోమి, పాత మూతలు పారేసి, రెండు వైపులా కొత్త మూతలు బిగించాడు. ఏ కొస పైది, ఏ కొస కిందిది అని మేడం మార్కర్‌తో రాసుకున్న గుర్తులు సింకులో కొట్టుకుపోయాయి. మురికిగా ఉంటే కడిగానమ్మా అన్నాడు, మెచ్చుకుంటుందేమోనని చూస్తూ.

మేడానికి ఒళ్ళు మండిపోయింది. ఆ గొట్టంలో పై కొసన ఉన్నది నిన్నమొన్నటి మట్టి, కింది కొసన ఉన్నది డెబ్భై ఏళ్ళ నాటిది. చెరువులో సీసం ఎప్పుడు కలిసిందో ఆ పొరలే చెప్పాలి, అదీ వరస తెలిస్తేనే. పోనీ మళ్ళీ తీద్దామా అంటే, పోయిన నెలే పూడికతీత పేరుతో చెరువంతా గోకేశారు. మిగిలింది ఈ గొట్టమొక్కటే. చెరువు కేసు విచారణ ఎల్లుండి. సీసం పాపం ఇరవై ఏళ్ళ కిందట వచ్చిన బ్యాటరీల ఫ్యాక్టరీదేనని ఆవిడ ఐదేళ్ళుగా ఎక్కే గడప దిగే గడపగా తిరుగుతోంది.

పళ్ళు కొరుక్కుంటూనే గొట్టాన్ని నిలువునా కోయించి, ఒక్కో పొరనీ సీసం కొలిచే మిషన్‌లో పెట్టింది. ఒక కొసన సీసం బోలెడంత ఉంది. రెండో కొసన నామమాత్రం. సీసం ఉన్నదే పై కొస అని ఆవిడ మనసు అప్పుడే తీర్పు చెప్పేసింది. అంతలో రెండో కొసన పట్టకారుకి ఏదో తగిలింది. లాగితే ప్లాస్టిక్ బిస్కెట్ ప్యాకెట్ ముక్క.

డెబ్భై ఏళ్ళ కిందట ఇలాంటి ప్యాకెట్లెక్కడివి? పై కొస ఇదే. సీసం అడుగున ఉంది, ఫ్యాక్టరీ పుట్టకముందే. అప్పట్లో ఆ గట్టున సీసం కరిగించిన షెడ్డు ఒక్కటే, ప్రెస్సుల కోసం అచ్చు అక్షరాలు పోతపోసిన ఆవిడ సొంత తాతయ్యది. కొలిమి బూడిద బుట్టలకెత్తి చెరువులో పోసేదాన్నని అమ్మమ్మ ఎన్నిసార్లు చెప్పిందో. మేడానికి తాతయ్య మీద, ఫ్యాక్టరీ మీద, ఆ బిస్కెట్లు తిన్నవాడి మీద కూడా కోపం ముంచుకొచ్చింది.

తప్పు దిద్దుకునే తొందరలో పెద్దాయన మార్కర్ తెచ్చిచ్చాడు.

"మీకు ఎటు కావాలంటే అటు రాసుకోండమ్మా. గుర్తులు పోయాయని నేనెవరికీ చెప్పను."

పొద్దున్నుంచి ఆయన్ని తిట్టుకున్నది ఆ గుర్తులు పోయినందుకే. ఇప్పుడు అవి పోవడమే కలిసొచ్చేలా ఉంది. మార్కర్ మూత తీసి చాలాసేపు నిలబడిపోయింది.

చివరికి బిస్కెట్ ప్యాకెట్ ముక్క దొరికిన కొసనే 'పైన' అని రాసింది. తర్వాత కుర్చీ లాక్కుని, రిపోర్టులో తాతయ్య షెడ్డు పేరు ఎక్కించడానికి కూర్చుంది.