యంత్రానికి సంకల్పం

మా కిరీటి పనిచేసే గురుగ్రామ్ కంపెనీలో తయారుచేసిన కొత్త యంత్రానికి పూజ పెట్టుకున్నారు. చట్టప్రకారం జనం ఫోన్లు వినే యంత్రమట. పంతులుగారికి లోపలికి పాస్ రాలేదు. "మా నాన్నకు పూజ వచ్చు" అనేశాడు మావాడు. వాడి ఉద్యోగం పర్మనెంటయ్యే కాగితం ఆ వారమే రావాలి. కాదనలేక ఢిల్లీ ఆర్.కె. పురం నుంచి కొబ్బరికాయ పట్టుకుని వెళ్లాను.

గుమ్మం దగ్గరే అందరి ఫోన్లూ ఒక ఇనప్పెట్టెలో పెట్టించారు.

"ఎందుకు బాబూ?" అన్నాను.

"ఎవరైనా వింటారేమోనని అంకుల్," అన్నాడు డైరెక్టరు సాయిప్రకాష్. నవ్వలేదు.

యంత్రం బీరువాలా ఉంది. బొట్టు పెట్టి, దీపం వెలిగించాను. "సంకల్పం చెప్పాలి బాబూ. ఎవరి కోసం, ఎందుకోసం?"

"కొన్నవాళ్ల పేరు బయటపెట్టకూడదు. అగ్రిమెంటు ఉంది."

"దేవుడికి కూడానా?"

"ఆయన అందులో సంతకం చేయలేదు కదా అంకుల్."

"పోనీ, ఎవరి మాటలు వింటుంది?"

"ప్రభుత్వ ఉత్తర్వు ఉంటేనే వింటుంది. ఆ నంబరు కొట్టందే ముందుకు కదలదు, చూడండి." తెర మీది గడిలో 1234 కొట్టాడు. యంత్రం పని మొదలుపెట్టింది.

"అదేనా ఉత్తర్వు?"

"ఏదో ఒక అంకె అంకుల్. వచ్చే వెర్షన్‌లో అదీ అడగదు. కస్టమర్లకి టైమ్ వేస్ట్."

ఇరవై ఎనిమిదేళ్లుగా సర్కారు ఆఫీసు డిస్పాచ్ సెక్షన్‌లో ఉన్నాను. నంబరు లేని కవరు ఒక్కటి కూడా నా బల్ల దాటలేదు.

"వ్యాపారాభివృద్ధి కోసం అనెయ్ నాన్నా," గొణిగాడు కిరీటి.

అబద్ధమేమీ కాదు. అయినా దీపం ముందు ఆ మాట నోట రాలేదు. కళ్లు మూసుకుని, చెప్పాల్సింది స్వామికి మనసులోనే చెప్పుకున్నాను. కాస్త ఎక్కువసేపే పట్టింది. తర్వాత కాయ కొట్టాను.

సాయిప్రకాష్ కొబ్బరిముక్క చేతిలోనే పట్టుకుని నిలబడ్డాడు. "లోపల ఏం చెప్పారంకుల్?"

"అది నాకూ స్వామికీ మధ్య మాట."

"పర్లేదు, చెప్పండి. కంపెనీ విషయం కదా."

"ఉత్తర్వు తెచ్చారా బాబూ?"

 కిరీటి నా చెయ్యి పట్టుకుని లిఫ్టు వైపు నడిపించాడు.

లిఫ్టులో వాడు మెల్లిగా అడిగాడు. "నిజంగా ఏం చెప్పావు నాన్నా? నా కాగితం గురించేనా?"

అప్పుడు గుర్తొచ్చింది. వచ్చిన పనే అది. అడగడం మరిచిపోయాను.