తడి అడుగుల కొండ

ఆదివారం తెల్లవారిందంటే భావనపాడులో వినోద్ ఇంటి వాకిట్లో సైకిలు గొలుసుకి నూనె పడాల్సిందే. గేర్ల సైకిలు, లావు టైర్లది. టెక్కలిలో ఎవరో వాడి వదిలేసినదాన్ని, ఐసు ఫ్యాక్టరీలో దిమ్మలు మోసిన డబ్బుతో కొనుక్కున్నాడు. "సముద్రం ఒడ్డున పుట్టినోడివి, కొండల మీద నీకేటిరా పని?" అని మొదట్లో ఊళ్ళో అందరూ అడిగేవారు. ఇప్పుడు అడగరు. ఎందుకడగరో చెబుతాను, కాస్త దగ్గరికి జరగండి.

కిందటి కార్తీకంలో వినోద్ అన్న లక్ష్ముడు ఎక్కిన పడవ తిరిగి రాలేదు. గంగమ్మ తల్లి తీసుకున్నవాళ్ళలో కొందరిని ఒడ్డుకి చేరుస్తుంది, కొందరిని చేర్చదు. ఆ తల్లి చిత్తం, మనమెవరం అడగడానికి? చేర్చని వాళ్ళ సంగతి మన వైపు పసిపిల్లలకి కూడా తెలుసు. మట్టి చేయడానికి దేహం దొరకనివాళ్ళు తమ కాళ్ళ మీద తామే నడుస్తారు. మందస దాటాక వచ్చే కొండదారిన, పైనున్న శివయ్య దగ్గరికి. నీళ్ళు తాగిన దేహాలు కదా, ఒక్కో అడుగూ బరువే. నెలలు పడుతుంది, ఏళ్ళూ పట్టొచ్చు. కట్టెలకి వెళ్ళే సవర ఆడవాళ్ళు వాళ్ళకి దారి వదులుతారు. సైకిళ్ళ మీద వచ్చే కుర్రాళ్ళు బెల్లు కొట్టి, దిగి, దండం పెట్టి మళ్ళీ ఎక్కుతారు.

ఒక్కటే కట్టుబాటు. వాళ్ళని పేరు పెట్టి పిలవకూడదు. పిలిస్తే వెనక్కి తిరుగుతారు. పిలిచినవాళ్ళ వెంట ఇంటికొచ్చి, అమావాస్య దాకా అరుగు మీద మాటా పలుకూ లేకుండా కూర్చుని, మళ్ళీ సముద్రంలోకి దిగిపోతారు. ఆ తర్వాత కొండని మొదటినుంచీ ఎక్కాలి పాపం.

ఇంకేముంది, కొండ మీద కనబడితే లక్ష్ముడు లేనట్టు. కనబడకపోతే ఏ ఒడిశా రేవులోనో ఉన్నట్టు. వినోద్ ప్రతి వారం కొండెక్కేది అన్నని చూడ్డానికి కాదు, చూడకుండా తిరిగి రావడానికి. సాయంత్రం వచ్చి "అగుపడలేదు" అంటే ఆ పూట ఇంట్లో పొయ్యి వెలిగేది.

వదిన తులసికి ఇంకా చిన్న వయసు. బారువ నుంచి ఆమె అన్నలు వచ్చి, పిల్లని పంపండి, మరో సంబంధం చూసుకుంటాం అని ఎన్నిసార్లడిగారో! వినోద్ తల్లి అమ్మడుది ఒకటే మాట. "కొండ మీద నా కొడుకు అగుపడితే నా సేతుల్తోనే పంపుతాను. అందాకా అది నా కోడలే."

ఆ ఆదివారం తులసి నీళ్ళ సీసా అందిస్తూ గొంతు తగ్గించింది. "వినోదూ, ఇయాల అగుపడితే పేరెట్టి పిలు."

"అమ్మ వద్దంది గదా వొదినా."

"అత్తకేటి? కడుపున మోసింది, నోరారా పిల్సుకున్నాది. నాను ఒక్కపాలైనా ఆయన పేరు పలికేనేటి? నా బదులు నువ్వు పిలు. అమావాస్య దాకా అరుగు మీద కూకుంటే సాలు. సూసుకుంటాను."

వినోద్ తలూపాడు. ఊపకుండా ఎలా ఉంటాడు చెప్పండి!

నరసన్నపేట బళ్ళో డ్రిల్లు మాస్టారు యుగంధర్ వ్యాను తెచ్చాడు. లక్ష్ముడితో కలిసి చదువుకున్నవాడే. వెనకాల సైకిళ్ళ మధ్య నరేష్ కూర్చున్నాడు, టెక్కలిలో సెల్లుల కొట్టు అతనిది. కొండ కింద సైకిళ్ళు దించగానే మొదలుపెట్టాడు.

"ఒరే బావ, నీ టైరు సూడు, మా తాత బుర్రలాగ నున్నగున్నాది. తడిలో జారితే నన్ను మాత్రం పట్టుకోకు."

"నిన్ను పట్టుకుంటే ఇద్దరం లోయలోనే గదరా," అన్నాడు వినోద్.

"మాటలాపి తొక్కండ్రా. ఊపిరి దాసుకోండి," అని మాస్టారు ముందుకి పోయాడు.

జీడితోటలు దాటాక ఎర్రమట్టి దారి. వాన పడి వారాలైనా దారి మధ్యలో తడి అడుగులున్నాయి. భుజం మీద తెగిన వలముక్కతో ఒక ముసలాయన ముందు ఎక్కుతూ కనబడ్డాడు. ముగ్గురూ దిగి దండం పెట్టి దాటుకున్నారు. ఇంకొంత పైకి, రాళ్ళ మలుపు దగ్గర, ఒకతను కుడిపాదం కాస్త బయటికి విసురుతూ ఎక్కుతున్నాడు. లంగరు పడి చితికిన పాదం. ఆ నడకని వినోద్ ఎక్కడున్నా పోల్చగలడు.

నరేష్ నవ్వు ఆగిపోయింది. హెల్మెట్ తీసి చేత్తో పట్టుకున్నాడు.

వినోద్ నోరు తెరిచాడు. పేరు రాలేదు. పుట్టి బుద్ధెరిగాక అన్నని పేరు పెట్టి పిలిచిన నోరు కాదది. ఎంత పెగుల్చుకున్నా నాలుక తిరగలేదు.

అతని అవస్థ యుగంధర్ కనిపెట్టాడు. "నన్ను పిలవమంటావేటి? సిన్నప్పట్నించీ 'ఒరే' అనే గదా పిలిసేది. నువ్వు ఊఁ అను సాలు. నా ఎనకే మీ ఇంటిదాకా వొచ్చేస్తాడు."

వినోద్ చూశాడు. నీళ్ళకి నాని పాలిపోయిన అన్న మడమల్లో గులకరాళ్ళు దిగబడి ఉన్నాయి. వెనక, చాలా కింద, సముద్రం సన్నటి నీలం గీతలా ఉంది. అక్కడినుంచి ఇక్కడికి అన్న ఒక్కడే నడిచాడు. పైన గుడి జెండా కనబడుతూనే ఉంది. తులసి మొహం కళ్ళ ముందు నిలబడింది. పిలిస్తే వదినకి అమావాస్య దాకా అన్న. ఆ తర్వాత అన్నకి మళ్ళీ ఈ దారంతా.

"వద్దు మాస్టారూ," అన్నాడు. "మళ్ళీ అంత దూరం..."

సైకిలు నడిపించుకుంటూ దగ్గరికెళ్ళి, తనకొచ్చిన పిలుపే పిలిచాడు. "అన్నియ్యా."

అది పేరు కాదు కదా, లక్ష్ముడు తిరగలేదు. ఆగాడంతే. వినోద్ సైకిలు పక్కన ఆనించి, అన్నని ముందు కడ్డీ మీద కూర్చోబెట్టుకున్నాడు. గుండెకి చల్లగా తగిలింది ఉప్పు వాసన. ఎంత బరువు! అన్నింటికంటే తేలిక గేరు వేసినా చక్రం కదలనంది. ఒక పక్క యుగంధర్, ఒక పక్క నరేష్ తమ సైకిళ్ళు దారిలోనే పడేసి తోశారు. మునిగినవాడి ఆఖరి ఎక్కుడు ముగ్గురి కాళ్ళతో సాగింది. హరహరా, నువ్వే సాక్షి.

పైన గాలి కోసేస్తోంది. మెట్ల దగ్గర దించాక వినోద్ తన కోటు విప్పి అన్నకి తొడిగాడు. లక్ష్ముడు మెట్లెక్కి లోపలికి వెళ్ళిపోయాడు. దిగేటప్పుడు ఎప్పుడూ ముందుండే నరేష్ ఆ రోజు అందరికంటే వెనక వచ్చాడు.

ఇంటికొచ్చేసరికి పొద్దు వాలుతోంది. తులసి గుమ్మంలోనే ఉంది. మొదట సైకిలు వెనకాల చూసింది, ఎవరూ లేరు. తర్వాత మరిది ఒంటి వైపు చూసింది.

"కోటేదిరా?"

"కొండ మీద సలిగున్నాది వొదినా."

తులసి గడప పట్టుకుంది. "పిలిసేవా?"

"నేదు."

"ఒక్క మాటే గదరా అడిగేను నిన్ను." చెయ్యెత్తి వాడి భుజం మీద కొట్టింది, మళ్ళీ కొట్టింది. వినోద్ కదల్లేదు.

పెరట్లో ఎండబెట్టిన చేపలు ఎత్తుతున్న అమ్మడు చేతిలోంచి గంప జారింది. ఆ తల్లి ఏడుపుకి వీధి వీధంతా వచ్చి నిలబడింది. చాలాసేపటికి కొంగుతో మొహం తుడుచుకుని, కొడుకు చేత బారువకి ఫోను చేయించింది. "నాయనా, దినాలయ్యాక రండి. మీ సెల్లిని తీసుకెల్దురు గాని."

తులసి అప్పటికి సైకిలు పక్కన నేల మీద కూర్చుని ఉంది. కడ్డీ ఇంకా తడిగానే ఉంది. దాని మీద అరచెయ్యి పెట్టి, తీయలేదు.

"ఆయనకి సరిపోయినాదేటి, ఆ కోటు?" అంది.

"సరిపోయినాది వొదినా."

"నేదు," అంది తులసి. "బుజాల కాడ బిగుతుగుంటాది. నీకంటే ఎడల్పు గదా."